సీసా లోపలి గీత

ఏదైనా పగిలిన చోట మనవాళ్లు మొదట వెతికేది చీపురు. ముక్కలు ఎంత త్వరగా కంటికి దూరమైతే జరిగింది అంత త్వరగా ముగిసిపోతుందని ఒక నమ్మకం. పరీక్షాశాలల్లో కొత్తగా అడుగుపెట్టే మీవంటివారికి నేను మొదట చెప్పదలచింది, ఆ చీపురును కాసేపు ఆపమని. నా ఉద్యోగంలో నేను ఎన్నో పగుళ్లు చూశాను. వాటిలో ఒకటి మాత్రం, పుంగనూరులో ఒక ఇల్లాలు గాజుపెంకులను వీధిలోకి ఊడ్చివేయకపోవడం వల్ల నా బల్లమీదికి చేరింది. ఆమెకూ, మరికొందరికీ నేను చెప్పుకోవలసిన కృతజ్ఞత చాలాకాలంగా అలాగే ఉండిపోయింది.

నేను ఉద్యోగంలో చేరింది కుప్పం దగ్గర ఒక గ్రానైటు పాలిషింగు కర్మాగారంలో. పలకల నాణ్యత చూడటం నా పని. కొన్నేళ్లకు, తొంభైల మధ్యలో, మదనపల్లెలోని ఒక సాంకేతిక కళాశాలకు మారి పరీక్షాశాల బాధ్యత తీసుకున్నాను. కాంక్రీటు దిమ్మెలను నలగ్గొట్టడం, ఇనుప కడ్డీలను తెగేదాకా లాగడం, వచ్చిన అంకెలను ధ్రువపత్రంలో రాసి సంతకం చేయడం, ఇదీ దినచర్య. నాతోపాటు ఒక ఇన్‌స్ట్రక్టరు ఉండేవారు. ఆయనదీ కుప్పం వైపే. పనిలో నాకన్నా ఓపిక ఎక్కువ, నోటికి మాత్రం ఓపిక తక్కువ. "సార్, మనది ఇంజనీరింగు కాదు సార్, కట్టెలు కొట్టే పని. దిమ్మె పగిలిందా, రాసుకున్నామా, పోయినామా," అనేవారు.

అంకెలు రాసుకున్నాక ఆ ముక్కలను పారేయడం నాకు నచ్చేది కాదు. ముఖ్యంగా గాజు. గాజులో రేణువులు లేవు, పొరలు లేవు. అందువల్ల పగులు తాను నడిచిన దారిని అందులో రాసినంత శుభ్రంగా మరెందులోనూ రాయదు. పగులు పుట్టిన చోటు చుట్టూ అర్ధచంద్రాకారంలో ఒక నున్నని భాగం మెరుస్తుంది. అక్కడ పగులు ఇంకా నెమ్మదిగా ఉంది. వేగం పెరిగాక ఆ నునుపు అంచున సన్నని మసక పడుతుంది. ఇంకా వేగం పెరిగితే ఆ మసక గరుకు గీతలుగా విచ్చుకుంటుంది, చివరికి పగులే రెండుగా చీలుతుంది. విద్యార్థుల కోసం మేము వాటికి అద్దం, ఆవిరి, ఈకలు అని పేర్లు పెట్టుకున్నాం. ఈకల గీతలు వెనక్కి చూపే దిక్కున పోతే అద్దం దొరుకుతుంది. అద్దం నడుమ, గాజు అంచున, పగులుకు మూలమైన లోపం ఉంటుంది. మరొక్క సంగతి కూడా గుర్తుంచుకోండి, మున్ముందు అవసరమవుతుంది. గాజును చీల్చిన బిగువు ఎంత ఎక్కువైతే అద్దం అంత చిన్నది. బిగువు సగమైతే అద్దం నాలుగింతలవుతుంది.

ఒక ఎండాకాలం ఉదయం పుంగనూరు నుంచి ఒక సబ్‌ఇన్‌స్పెక్టరు మా గది ముందు నిలబడ్డాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు, వయసులో చిన్నవాడు. చేతిలో వార్తాపత్రికలో చుట్టిన పొట్లం. విప్పితే గోళీ సోడా సీసా మెడ, అడుగు, ఒకటి రెండు పెద్ద పెంకులు.

"బస్టాండు దగ్గర సోడా అంగడండీ. సీసా ఒక లారీ డ్రైవరు చేతిలోనే పేలింది. కనుబొమ్మ, కనురెప్ప తెగాయి. గ్యాసు ఎక్కువ పట్టించాడని డ్రైవరు ఫిర్యాదు. సీసాను రాతిబల్లకేసి కొట్టాడని అంగడాయన జవాబు. మిషనుకు సీలు వేశాను," అన్నాడు.

"ఇలాంటివి హైదరాబాదుకు పంపాలి కదా?" అన్నాను.

"పంపుతానండీ. వాళ్ల దగ్గర్నుంచి జవాబు వచ్చేసరికి వానలు పడతాయి. వానల్లో సోడా ఎవరు తాగుతారు? ఆ ముసలాయనకు ఏడాది తిండి ఈ ఎండాకాలమే. తప్పు ఆయనదైతే సీలు ఉంచుతాను, బాధ లేదు. కాకపోతే?" పొట్లాన్ని నావైపు కొంచెం జరిపాడు. "మీరు చెప్పేది కాగితం మీద చెల్లదని తెలుసు. నాకు నేను తెలుసుకోడానికండీ."

అధికారంలో ఉన్న మనిషి తనకు తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని అడగడం మన వృత్తిలో తరచుగా ఎదురుకాదు. ఇన్నేళ్ల తరవాత కూడా ఆ యువకుడి మీద నాకున్న గౌరవం తగ్గలేదు.

కానీ ఆయన తెచ్చిన ముక్కల్లో అద్దం లేదు. ఈకలన్నీ లేని ముక్కల వైపే చూపిస్తున్నాయి. తక్కిన పెంకులు కావాలన్నాను. "అవి ఎప్పుడో ఊడ్చేసుంటారండీ," అన్నాడు. ఆ మధ్యాహ్నమే ఆయనతో కలిసి ఇన్‌స్ట్రక్టరూ నేనూ పుంగనూరు వెళ్లాం.

అంగడి తెరిచే ఉంది కానీ సోడా లేదు. బీడీలు, నిమ్మకాయలు అమ్ముతూ కూర్చున్నాడు యజమాని. బక్కపలచని మనిషి, తెల్లటి గడ్డం, తలమీద జాలీ టోపీ. ఆ చుట్టుపక్కల పుంగనూరు సోడా అంటే ఆయనదే. గోళీ నొక్కితే ముక్కుదాకా ఘాటు తగిలే గ్యాసు. ఇప్పుడు ఆ పేరే ఆయన మెడకు చుట్టుకుంది. వెనక, సీసాల్లో గ్యాసు పట్టే చక్రం మిషనుకు తీగ చుట్టి లక్క ముద్ర వేసి ఉంది.

"గ్యాసు గట్టిగా పెడతాను, లేదనను సార్," అన్నాడాయన. "ముప్పై ఏండ్లుగా అదే గట్టి. వాడే రోజూ అడుగుతాడు, మామా గట్టిగా కొట్టు, నిద్ర వదలాల అని. ఇప్పుడు వాడే పోలీసుకు పోయినాడు. సీసాను బల్లకేసి కొట్టే అలవాటు వానికుండాది. అది మాత్రం సెప్పుకోడు."

పగిలిన పెంకుల సంగతి అడిగాను. ఆయన తలుపు కర్టెన్ వైపు తిరిగి పిలిచాడు. ఆయన భార్య ఒక పాత బిస్కెట్టు డబ్బా తెచ్చి రాతిబల్ల మీద పెట్టింది.

"వీధిలో ఎయ్యలేదు నాయనా. బస్టాండు కదా, వట్టికాళ్ల జనం. యాడైనా గొయ్యి తీసి పూడ్సాలని దాచిపెట్టినా. రోజూ ఇంకొక పెంకు దొరకతానే ఉండాది, ఏరతానే ఉండాను," అంది.

డబ్బా మూత తీశాను. మిరపగింజంత పెంకులు కూడా ఉన్నాయి. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషాన్ని ఆమె వింతగా చూసింది. పగిలిన గాజు చూసి నవ్వే మనిషిని ఆమె అదివరకు చూసి ఉండదు.

అంగట్లో వాడే పాత సీసాలు కొన్ని, జాతర కోసమని గడ్డిలో చుట్టి దాచిన కొత్త సీసాలు కొన్ని అడిగి తీసుకుని మదనపల్లెకు తిరిగొచ్చాం.

పెంకులను ఒక్కొక్కటిగా కడిగి ఆరబెట్టి, మైనంతో చేసిన అచ్చు మీద అతికించుకుంటూ వచ్చాం. ఇన్‌స్ట్రక్టరు నోరు ఆగలేదు. "పెండ్లినాడు కూడా నేనింత ఓపికగా కూసోలేదు సార్," అనేవారు, కానీ ఏ పెంకు అంచు ఏ పెంకుకు కుదురుతుందో నాకన్నా ముందే పట్టేవారు. సీసా మళ్లీ నిలబడింది. ఒక చీలిక సీసా పొడవునా నిలువుగా పాకి, పైనా కిందా చీలిపోయింది. ఆ నిలువు చీలిక మధ్యలో, నడుము దగ్గర, అద్దం దొరికింది.

మొదట నేను చూసింది అది గోడకు ఏ వైపు పుట్టిందని. సీసాను బల్లకేసి కొట్టి ఉంటే పగులు బయటి గోడన, నలిగిన గాయం దగ్గర మొదలవుతుంది. ఇది లోపలి గోడన మొదలైంది. డ్రైవరు మీద మాట అక్కడితో పోయింది.

ఇక అద్దం కొలత. గ్యాసు మితిమీరి పేలి ఉంటే అది చిన్నదిగా, బిగుతుగా ఉండాలి. ఇది గోడ మందమంతా నిండి, చోటు చాలక ఇరువైపులా పొడవుగా సాగింది. అంటే ఈ సీసా ఎక్కువ బిగువుకు పగలలేదు. మంచి సీసా సులువుగా మోయగలిగే బిగువుకే పగిలింది. యజమాని మీద మాట కూడా పోయింది.

"అట్లని పుస్తకంలో ఉండాది," అన్నారు ఇన్‌స్ట్రక్టరు. "పుంగనూరు సీసా ఆ పుస్తకం సదివినాదా సార్? పగలగొట్టి సూద్దాం."

ఆ మాటకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను. నీటిగొట్టాలను పరీక్షించే చేతిపంపుకు లారీ ట్యూబు రబ్బరుతో ఒక బిరడా తయారుచేసి, సీసాను ఇనుపపెట్టెలో ఉంచి లోపలికి నీటిని ఎక్కిస్తూ బిగువు పెంచుతూ పోయాం. కొత్త సీసాలు చాలాసేపు మొండికేసి, పేలినప్పుడు పిడికెడు తునకలయ్యాయి. వాటి అద్దాలు ఆవగింజల్లా ఉన్నాయి. అంగట్లో వాడిన పాత సీసాలు మాత్రం మేము ఊహించినదానికన్నా ఎంతో ముందుగానే, పెద్ద చప్పుడు కూడా లేకుండా చీలిపోయాయి. అన్నింటిలోనూ అద్దం వెడల్పుగా ఉంది. అన్నింటిలోనూ అది లోపలి గోడ మీదే ఉంది.

భూతద్దం కింద పెట్టాను. పాత సీసాల లోపలి గోడంతా అల్లిబిల్లిగా సన్నటి గీతలు. పగులుకు అసలు మొదలు ఆ గీతలే. అవి పుట్టిన రోజున ఏ హానీ చేయవు. లోపల ఎప్పుడూ తడి, నింపిన ప్రతిసారీ బిగువు. తడిలో గీత కంటికి తెలియనంత మెల్లగా లోతుకు దిగుతుంది. ఒకనాటికి దాని ఓర్పు తీరుతుంది. ఆ నాడు సీసా ఎవరి చేతిలో ఉంటే దెబ్బ వారిది.

అయితే ఒక ప్రశ్న మిగిలింది. సీసా బయటి గోడ గీసుకుపోవడం సహజం. పెట్టెలో ఒకదానికొకటి రాచుకుంటాయి. లోపలి గోడను ఏది గీకింది?

సబ్‌ఇన్‌స్పెక్టరు ఒక రోజు చెప్పి మమ్మల్ని రమ్మన్నాడు. డ్రైవరు ఆసుపత్రి నుంచి బయటికొచ్చాడనీ, అందరినీ అంగడి దగ్గరే కూర్చోబెడతాననీ అన్నాడు. మేము వెళ్లేసరికి డ్రైవరు రాతిబల్లకు దూరంగా స్టూలు మీద ఉన్నాడు. ఎడమ కన్ను మీద దూది, ప్లాస్టరు. చూపు నిలిచింది. యజమానీ అతడూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ఆయన భార్య కర్టెన్ పక్కన నిలబడింది.

అతికించిన సీసాను బల్లమీద పెట్టాను.

"ఏం సార్, దీనికి నోరుండాదా సాచ్చెం సెప్పేదానికి?" అన్నాడు డ్రైవరు.

"ఉండాదప్పా," అన్నారు ఇన్‌స్ట్రక్టరు. "నీ మాదిరి అరవదు, అంతే తేడా."

నేను చెప్పవలసింది చెప్పాను. పగులు లోపలి నుంచి మొదలైంది, అందుకని బల్లకేసి కొట్టడం కాదు. అద్దం పెద్దదిగా ఉంది, అందుకని గ్యాసు ఎక్కువా కాదు. కొత్త సీసా అద్దాన్నీ పాత సీసా అద్దాన్నీ పక్కపక్కన పెట్టి భూతద్దం ఇచ్చాను. డ్రైవరు మంచి కన్నుతో చాలాసేపు చూశాడు.

"అయితే మామ తప్పు లేదా?"

"లేదు."

"నాదీ లేదా?"

"లేదు."

"మరి నా కన్ను యాల సీలింది సార్?"

సబ్‌ఇన్‌స్పెక్టరు అప్పటికే సీలు తీయడానికి లేచాడు. ఇన్‌స్ట్రక్టరు నా చెవి దగ్గరికి వంగారు. "అడిగిందానికి సెప్పేసినాం సార్. లేద్దాం రండి. మిగతాది తవ్వితే ముసలాయన సీసాలన్నీ పోతాయి." ఆయన చెప్పింది నిజమే. ఆయనలోని దయే ఆ మాట పలికించింది. గ్యాసా, రాయా అని మాత్రమే నన్నడిగారు. కానీ సీలు తీసిన మరుక్షణం ఆ మిషనులోకి ఎక్కేవి అవే పాత సీసాలు. మంచి కన్నుతో నావైపే చూస్తున్న ఆ మనిషి ముందు నుంచి నేను లేవలేకపోయాను.

"అమ్మా, సీసాలు ఎట్లా కడుగుతారు?" అని అడిగాను.

"గోళీ అడ్డం కదా నాయనా, లోపలికి బ్రష్షు పోదు. పిడికెడు ఇసక, నీళ్లు పోసి గిలక్కొట్టేది. మా అత్త కాలం నుంచి అంతే."

"ఇసుక చూపిస్తారా?"

ఆమె లోపలినుంచి ఒక తపేలా తెచ్చింది. అందులో ఉన్నది ఇసుక కాదు. నల్లగా, ఎండకు మిణుకు మిణుకుమనే పొడి. వేళ్ల మధ్య నలిపాను. కుప్పంలో నా మొదటి కొలువంతా ఆ పొడి మధ్యనే గడిచింది. గ్రానైటును అరగదీసి మెరిపించే కార్బొరండం. రాయినే కోసే పదును. ఏటి ఇసుకకు గాజును గీకే శక్తి లేకపోలేదు, కానీ నీళ్లలో దొర్లి దొర్లి దాని కోణాలు మొద్దుబారి ఉంటాయి. దీని కోణాలు మొద్దుబారవు. విరిగితే మరో పదునైన కోణం బయటికి వస్తుంది.

"ఇది ఎక్కడిదమ్మా?"

ఆమె డ్రైవరు వైపు చూసింది. "ఈ అబ్బాయే తెచ్చిచ్చినాడు. ఏట్లో ఇసక దొరకడంల్యా, సీసాలకు పాకుడు పోవడంల్యా అని ఒగసారి అన్నా. కుప్పం రాళ్ల ఫ్యాక్టరీకి లోడుకు పోతాడు కదా, ఒక సంచి మోసుకొచ్చి పెట్టినాడు. దీంతో కడిగితే ఒకే గిలుపుకు తళతళా అంటాయి నాయనా! పుంగనూరులో ఇంత తెల్లటి సీసాలు ఇంకెవురికీ ల్యా."

నేను చెప్పనవసరం లేకపోయింది. ఆమె నా ముఖం చూసి, తపేలా చూసి, తన చేతులు చూసుకుంది.

"నేనా?" అంది. "యా అల్లా, నేనా సేసింది?"

"తెలియక జరిగింది, అమ్మా. ఆ పొడి గుణం తెలిసినవారు ఇక్కడ ఎవరూ లేరు," అన్నాను. తడిసిన సీసా లోపల ఆ గీతలు కనబడవని, నీళ్లు వాటిని నింపి దాచేస్తాయని, ఎండలో బాగా ఆరితేనే లోపల పొగ పట్టినట్లు తెలుస్తుందని వివరించాను. ఆమె వినలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

డ్రైవరు స్టూలు మీదనుంచి లేచాడు. వచ్చి తపేలాలో వేలు ముంచి, ఆ పొడిని వేలికొసన పెట్టుకుని చూశాడు. కోపం వస్తుందనే నేను అనుకున్నాను. వచ్చినా నేను తప్పుపట్టేవాడిని కాను.

"అత్తా," అన్నాడు చివరికి. "ఇంకమీద నీకేం కావాలన్నా అంగట్లో కొనుక్కో. నన్నడగొద్దు."

మొదట నవ్వింది యజమాని. గడ్డం కింద ఎక్కడో మొదలై అదుపు తప్పిన నవ్వు. తరవాత డ్రైవరు, కుట్లు లాగుతున్నాయని కన్ను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆమె మాత్రం ఏడుస్తూనే అతడి నెత్తిమీద ఒక మొట్టికాయ వేసింది.

"సార్, నా కంప్లెయింటు సించేయండి," అన్నాడు డ్రైవరు.

"చించడం కుదరదు," అన్నాడు సబ్‌ఇన్‌స్పెక్టరు. "రాజీ పడ్డారని రాస్తాను. సంతకం పెట్టు."

మిగిలిన పని ఎండలో జరిగింది. పాత సీసాలన్నీ బోర్లించి ఆరబెట్టి, ఒక్కొక్కటే సూర్యుడికి ఎత్తి చూశాం. పొగ పట్టినవి ఒక పక్క, తేటగా ఉన్నవి ఒక పక్క. పొగ పట్టినవే ఎక్కువ. వాటిని యజమాని గోనెసంచిలో వేసి, ఎవరినీ సాయం రానీయకుండా, తానే సుత్తితో కొట్టాడు. ఒక్కొక్క దెబ్బకు ఆయన పెదవులు కదిలాయి. ఏమనుకున్నాడో నాకు తెలియదు. ఊళ్లో తక్కిన సోడా అంగళ్లవాళ్లు వచ్చి చూసి, సీసాలు అంగడి నుంచి అంగడికి మారుతుంటాయి కనక తమవీ ఎత్తి చూసుకోవాలని వెళ్లారు. వారిలో ఇద్దరు సాయంత్రానికి తలా ఒక పెట్టె మంచి సీసాలు పంపారు, జాతర దాకా వాడుకోమని. పోటీ అంగళ్లవాళ్లు. ఎవరూ అడగలేదు.

తీగ తెగింది, మిషను తిరిగింది. జాతర కోసం దాచిన కొత్త సీసా ఒకటి నిండింది. యజమాని దాన్ని తుడిచి డ్రైవరుకు ఇవ్వబోయాడు. ఆయన భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

"వానికొద్దు. ఆ సారుకియ్యి. ఈ సీసాలు మంచివని సెప్పింది ఆయన కదా. మొదట ఆయన తాగాల."

ఆమె అన్నది న్యాయం. సీసా నా చేతికి వచ్చింది. చల్లగా, బరువుగా ఉంది. అద్దానికీ బిగువుకూ ఉన్న లెక్క నాకు కంఠతా వచ్చు. ఆ కొత్త సీసాలు ఎంత మోస్తాయో నా చేతులతోనే కొలిచాను. అయితే నేను కొలిచినవన్నీ పగిలిపోయాయి. పగలకుండా మిగిలిన ఈ సీసాను ఎవరూ కొలవలేదు. పైగా నిండిన సీసాలో గీత కనబడదు. ఆ సంగతి పొద్దున వారందరికీ వివరించింది కూడా నేనే. అంతవరకు నేను సంతకం చేసిన ధ్రువపత్రాలను నమ్మి కట్టిన కప్పుల కింద నిలబడింది ఎప్పుడూ ఇంకొకరే. వాళ్లెవరినీ నేను చూడలేదు. గోళీ మీద బొటనవేలు పెట్టినప్పుడు మొదటిసారిగా వాళ్లందరూ నాకు గుర్తొచ్చారు.

నొక్కాను. గ్యాసు బుస్సుమంది. ఘాటు ముక్కుదాకా తగిలింది.

"సార్," అన్నాడు డ్రైవరు, ఒంటికన్నుతో నన్నే గమనిస్తూ. "గోళీ నొక్కేటప్పుడు కండ్లు రెండూ మూసుకుంటిరే!"

మూసుకున్నాను. తరవాత సబ్‌ఇన్‌స్పెక్టరుకు పంపిన నివేదికలో నేను రాయనిది అదొక్కటే.